భాష ముందు, కథ వెనుక: టోల్కీన్ జీవితము, కృతులు

విశ్వవిద్యాలయములందలి భాషాసాహిత్య శాఖలలో ఒక పాత తగవు కలదు. వ్యాకరణము, భాషాచరిత్ర, శాసనములు, నిఘంటువులు పఠించువారు ఒకవైపు. కావ్యములను రసదృష్టితో పఠించువారు మఱియొకవైపు. వీరు వారిని ఎండుటాకులు లెక్కించువారనియు, వారు వీరిని గాలిలో మేడలు కట్టువారనియు తలచుట కద్దు. పాఠ్యప్రణాళిక మార్చవలసి వచ్చినప్పుడెల్ల ఈ తగవు పైకి వచ్చును. ఏదో యొక పక్షమునకు రెండు పత్రములు హెచ్చును, రెండవ పక్షమునకు రెండు తగ్గును. తగవు మాత్రము తీరదు.

ఈ తగవునకు తన బోధనచేతను, అంతకు మించి తన రచనలచేతను సమాధానము చెప్పిన ఆంగ్ల పండితుడొకడు కలడు. ఆయనయే జాన్ రొనాల్డ్ రూయెల్ టోల్కీన్. 'ది హాబిట్', 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' అను అద్భుతకథల కర్తగా లోకము ఆయనను ఎఱుగును. 2001 మొదలు 2003 వఱకు వెలువడిన చలనచిత్రముల వలన మన విద్యార్థులలో పెక్కురకు ఆయన పేరు పరిచితమే. కాని ఆయన దాదాపు నలుబదియేండ్లు ప్రాచీనాంగ్లమును, మధ్యాంగ్లమును బోధించిన ఆచార్యుడను సంగతి అంతగా ప్రచారములో లేదు. ఆ కథలు శాస్త్రపరిశ్రమనుండి విశ్రాంతి కొఱకు వ్రాసినవి కావనియు, ఆ పరిశ్రమనుండియే పుట్టినవనియు చూపుట ఈ వ్యాసమున మా ఉద్దేశము.

జీవితము

టోల్కీన్ 1892 జనవరి 3వ తేదీన దక్షిణాఫ్రికాలోని బ్లూంఫాంటేన్ నగరమున జన్మించెను. తండ్రి ఆర్థర్ అచ్చట బ్యాంకు ఉద్యోగి. 1895లో తల్లి మేబెల్ ఇరువురు కుమారులను వెంటబెట్టుకొని ఇంగ్లండునకు వచ్చెను. మఱుసటి యేడు తండ్రి దక్షిణాఫ్రికాలోనే మరణించెను. బర్మింగ్‌హామ్ నగరము చెంత సేర్‌హోల్ అను పల్లెలో ఆ కుటుంబము కొంతకాలము నివసించినది. కథలలోని హాబిట్ల పల్లెసీమకు ఈ పల్లె తలపులే మూలమని ఆయనయే తరువాత చెప్పెను.

తల్లియే ఆయనకు మొదటి గురువు. లాటిను నేర్పినది ఆమెయే. 1900లో ఆమె కాథలిక్ మతమును స్వీకరించుటతో బంధువుల ఆదరము తగ్గినది. 1904లో ఆమె మధుమేహముచే మరణించెను. ఇన్సులిన్ చికిత్స అప్పటికింకను రాలేదు. పండ్రెండేండ్లకే తల్లిదండ్రులు లేనివాడైన బాలునికి ఫాదర్ ఫ్రాన్సిస్ మోర్గన్ అను మతాచార్యుడు సంరక్షకుడయ్యెను. 1908లో పరిచయమైన ఈడిత్ బ్రాట్‌తో ఇరువదియొక్క యేడు నిండువఱకు మాటలాడరాదని ఆ సంరక్షకుడు కట్టడి చేసెను. టోల్కీన్ ఆ కట్టడిని పాటించి, గడువు తీరగనే ఆమెను అడిగి, 1916 మార్చిలో వివాహమాడెను.

1911లో ఆక్స్‌ఫర్డ్‌లోని ఎక్సిటర్ కళాశాలలో చేరి మొదట గ్రీకు లాటిను భాషలను అభ్యసించెను. 1913లో ఆంగ్లమునకు మాఱి, 1915లో ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణుడయ్యెను. 1916లో ఫ్రాన్సులో జరిగిన సోమ్ యుద్ధమున సంకేతాధికారిగా పనిచేసి, కందకములలో ప్రబలిన జ్వరముతో స్వదేశమునకు తిరిగి వచ్చెను. బడినాటినుండి కవిత్వముపై ఆశలు పంచుకొన్న నలుగురు మిత్రుల గోష్ఠిలో ఇరువురు, రాబ్ గిల్సన్, జి. బి. స్మిత్ అనువారు, ఆ యేడే హతులైరి. టోల్కీన్ పురాణకథల తొలిరూపములు ఈ కాలముననే, రోగశయ్యపై మొదలైనవి.

1919, 1920 సంవత్సరములలో ఆక్స్‌ఫర్డ్ ఆంగ్ల నిఘంటువు కార్యాలయమున 'డబ్ల్యు' అక్షరముతో మొదలగు పదములపై పనిచేసెను. 'వాల్రస్' అను ఒక్క పదము యొక్క వ్యుత్పత్తిని తేల్చుటకై ఆయన పెక్కు చిత్తుప్రతులు వ్రాసెను. 1920లో లీడ్స్ విశ్వవిద్యాలయమున అధ్యాపకుడై, 1924లో ఆచార్యుడయ్యెను. 1925 మొదలు 1945 వఱకు ఆక్స్‌ఫర్డ్‌లో ప్రాచీనాంగ్లమునకును, 1945 మొదలు 1959 వఱకు అచ్చటనే మెర్టన్ కళాశాలకు అనుబంధమైన పీఠమున ఆంగ్ల భాషాసాహిత్యములకును ఆచార్యుడుగా నుండెను. 1971లో భార్య గతించినది. 1973 సెప్టెంబరు 2వ తేదీన ఆయన బోర్న్‌మత్‌లో మరణించెను. ఇరువురి సమాధిపై వారి పేర్లతో పాటు ఆయన కథలోని ప్రేమికులైన బెరెన్, లూథియెన్ అను పేర్లు చెక్కబడియున్నవి.

పండితుని పని

ఆయన శాస్త్రరచనలు సంఖ్యలో స్వల్పము. కాని ఒక్కొక్కటి ఆ రంగమున నిలిచినది. ఇ. వి. గార్డన్‌తో కలిసి 1925లో పరిష్కరించిన 'సర్ గవేన్' కావ్యము చిరకాలము పాఠ్యగ్రంథముగా నుండినది. 1929లో వెలువరించిన వ్యాసమొకటి పరిశోధక విద్యార్థులు ప్రత్యేకముగా గమనింపదగినది. రెండు మధ్యాంగ్ల వ్రాతప్రతులను, వేర్వేరు లేఖకులు వ్రాసినవానిని, ఆయన పోల్చి చూచెను. మాండలికమును వర్ణక్రమమును రెండింట ఒక్కటియే. సామాన్యముగా లేఖకుడు తన ఊరి పలుకుబడిని ప్రతిలోనికి చొప్పించును. అట్లు జరుగలేదనగా, ఆ ప్రాంతమున ఒక వ్రాతపద్ధతిని క్రమముగా నేర్పుచుండిరని యర్థము. నార్మనుల విజయము పిమ్మట ఫ్రెంచి భాష రాజ్యమేలుచున్న కాలమున, పశ్చిమ ఇంగ్లండులో ఒక మూల ఆంగ్లము గౌరవముతో బ్రదికియుండెనని ఇట్లు తెలిసినది. అక్షరముల పోలికనుండి ఒక జనసమూహపు ఆత్మగౌరవచరిత్ర బయటపడినది. టోల్కీన్ ప్రతిభ యంతయు ఇచ్చటనే యున్నది: చిన్న వర్ణమును చూచి దాని వెనుక మనుష్యులను చూచుట.

1936లో బ్రిటిష్ అకాడమీలో 'బేవుల్ఫ్' కావ్యముపై ఆయన చేసిన ప్రసంగము ఆ కావ్యవిమర్శనే మార్చినది. అంతకుముందు పండితులు ఆ కావ్యమును చరిత్రాంశములు త్రవ్వుకొను గనిగా వాడుచు, అందలి రాక్షసులను, సర్పమును బాల్యచేష్టలుగా త్రోసివేయుచుండిరి. టోల్కీన్ ఒక దృష్టాంతము చెప్పెను. ఒకడు పాత రాళ్లతో ఒక గోపురము కట్టెను. వచ్చినవారు రాళ్లపై శాసనము లున్నవేమో యని దానిని కూలద్రోసి, ఇది యెంత గందరగోళపు కట్టడమనిరి. ఆ గోపురము నెక్కి అతడు సముద్రమును చూడగలిగెనని ఎవరును గుర్తింపలేదు. కవికాలనిర్ణయముతోను, కృతిపతుల వంశావళితోను తృప్తిపడి కావ్యమును మూసివేయు అలవాటు మనలోను లేకపోలేదు. కావున ఆ దృష్టాంతము మనకును వర్తించును. ఇంకొక విశేషము: ఈ మాట యన్నవాడు శాసనములు చదువనేరని రసికుడు కాడు, ఆ రాళ్లలో ప్రతిదానిని చదివినవాడు.

మాటనుండి కథ

భాషలు కథల కొఱకు పుట్టలేదనియు, కథలే భాషలకు లోకమును కల్పించుటకు పుట్టినవనియు 1955లో అమెరికాలోని తన ప్రచురణకర్తలకు వ్రాసిన లేఖలో ఆయన స్పష్టము చేసెను. దీనిని చమత్కారముగా కొందఱు త్రోసివేసిరి. కాని ఉదాహరణములను పరిశీలించినచో అది అక్షరాల సత్యము.

ప్రాచీనాంగ్ల కావ్యమగు 'క్రైస్ట్'లో 'ఎయారెండెల్' అను పదము కలదు. వేగుచుక్క వంటి యొక జ్యోతిస్సునకు అది పేరు. ఆ పదము యొక్క వింతైన శ్రావ్యత ఆయనను పట్టివేసినది. 1914లో ఆ పేరుగల నావికుడొకడు ఆకాశమున నౌక నడపుట గూర్చి పద్యము వ్రాసెను. ఆ నావికుడు ఎవడు, ఎచ్చటికి పోవుచున్నాడు అను ప్రశ్నకు ఉత్తరముగా పెరిగినదే ఆయన పురాణప్రపంచము.

'హాబిట్' అను మాటయు నిట్టిదే. సుమారు 1930 ప్రాంతమున పరీక్షపత్రములు దిద్దుచుండగా, ఒక విద్యార్థి ఖాళీగా విడిచిన పుటపై, నేలలోని బొఱియలో ఒక హాబిట్ నివసించెనను భావముగల వాక్యమొకటి వ్రాసెను. హాబిట్ అనగానేమో అప్పటికి ఆయనకే తెలియదు. తెలిసికొనుటకు 'ది హాబిట్' (1937) వ్రాయవలసి వచ్చెను. పిదప ఆ మాటకు, బొఱియ కట్టువాడను అర్థము వచ్చునట్లు, 'హోల్‌బిట్ల' అను ప్రాచీనాంగ్ల వ్యుత్పత్తిని గూడ కల్పించెను. వృక్షములను కాయు మహాకాయుల పేరగు 'ఎంట్' ప్రాచీనాంగ్లమున రాక్షసవాచి. ఆ భాషలోని కావ్యములలో శిథిలమైన రాతికట్టడములను ఎంట్ల పనిగా వర్ణించుట కలదు. నిఘంటువులో నాలుగు పంక్తుల వివరణతో పడియున్న పదమునకు ఆయన శరీరమును, కంఠమును, దుఃఖమును ఇచ్చెను.

ఇంతకంటె లోతైనది ఆయన కల్పించిన భాషల సంబంధము. క్వెన్యా అను భాషకు ఫిన్నిషు, సిండరిన్ అను భాషకు వెల్షు ధ్వనిసౌందర్యమునకు ఒరవడులు. ఈ రెండును ఒకే మూలభాషనుండి క్రమబద్ధమైన ధ్వనిపరిణామములచే చీలినట్లు ఆయన నిర్మించెను. మూలభాషలో వృక్షమునకు 'గలదా'. క్వెన్యాలో తొలి గకారమును, నడిమి యచ్చును లోపించి 'అల్ద' యైనది. సిండరిన్‌లో తుది యచ్చు లోపించి, దకారము ఊష్మధ్వనిగా మాఱి 'గలధ్' అయినది. కన్నడమున 'కివి', 'కెఱె' అనుచోట తెనుగున 'చెవి', 'చెఱువు' అనుట మనము విద్యార్థులకు బోధించు సూత్రము. తాలవ్యాచ్చునకు ముందు కకారము చకారమగుట దాని స్వరూపము. ఆయన యదే విద్యను వెనుకకు గాక ముందుకు నడపెను. మనము ఉన్న రూపములనుండి లేని మూలమును ఊహింతుము. ఆయన ఊహించిన మూలమునుండి రూపములను దింపెను.

ఇచ్చటనే కథ పుట్టుచున్నది. ఒక భాష రెండుగా చీలవలెనన్న జనులు విడిపోవలెను. విడిపోవలెనన్న ప్రయాణము, దానికి కారణము, మధ్య దాటరాని సముద్రము, దీర్ఘకాలము కావలెను. ఎల్ఫ్‌లలో కొందఱు పశ్చిమసముద్రము దాటి పోవుటయు, కొందఱు వెనుక నిలిచిపోవుటయు, పోయినవారిలో ఒక తెగ బంధుహత్యచేసి తిరిగి వచ్చుటయు 'సిల్మరిలియన్' ఇతివృత్తము. తన జ్ఞాతులను చంపినవారి భాష తన రాజ్యమున వినబడరాదని థింగాల్ రాజు క్వెన్యాను నిషేధించును. నాటినుండి అది నిత్యవ్యవహారము తప్పి, శాస్త్రమునకు, ఉత్సవమునకు మాత్రమే మిగులును. ధ్వనిసూత్రము చరిత్రను కోరినది, చరిత్ర విషాదమైనది.

లిపివిషయమున మన ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించు అంశము కలదు. ఆయన కల్పించిన 'తెంగ్వార్' లిపిలో అక్షరములు ఉచ్చారణస్థానములను బట్టి నిలువు వరుసలుగను, ప్రయత్నమును బట్టి అడ్డు వరుసలుగను అమర్పబడినవి. కొమ్మును రెట్టించిన శ్వాసము నాదమగును. కాండమును పైకి లేపిన స్పర్శము ఊష్మమగును. అచ్చులకు గుర్తులు హల్లులపై నిలుచును. మన వర్గాక్షరముల పట్టికను, గుణింతమును ఎఱిగినవానికి ఇది సొంత ఇల్లువలె తోచును. ఇది మన లిపికి అనుకరణమని మేము చెప్పము. ధ్వనిశాస్త్రము తెలిసినవాడు లిపిని కూర్చినచో ఇట్టి యమరిక సహజముగా వచ్చునని మాత్రము చెప్పుదుము.

వ్రాతప్రతి, పాఠభేదము, అనువాదము

'ది హాబిట్' ఆదరమును చూచి ప్రచురణకర్తలు తరువాయి కథ కోరిరి. 1937 డిసెంబరులో మొదలైన ఆ రచన పండ్రెండేండ్లు సాగినది. మూడు సంపుటములుగా 1954, 1955 సంవత్సరములలో వెలువడినది. అందు ఉంగరము దుష్టశక్తిగల వస్తువైనది. దాని నెవ్వడును ఇష్టపడి విడువలేడు. కాని 'ది హాబిట్' మొదటి ముద్రణమున గొల్లమ్ అను జీవి దానిని పందెముగా ఒడ్డెను. ఈ వైరుధ్యమును పోగొట్టుటకు 1951 ముద్రణమున ఆ ప్రకరణము మార్పబడినది. టోల్కీన్ అంతటితో ఆగలేదు. మొదటి పాఠము బిల్బో తన దినచర్యలో వ్రాసిన అబద్ధమనియు, ఉంగరము తనకు న్యాయముగా వచ్చినదని చాటుకొనుటకు అట్లు వ్రాసెననియు క్రొత్త కథలో చెప్పించెను. రెండు ముద్రణముల పాఠభేదము కథాపాత్ర యొక్క శీలభంగమునకు సాక్ష్యమైనది. గ్రంథపరిష్కరణలో తలలు నెఱసిన వానికి తప్ప ఇట్టి యూహ తోచదు. 1965 నాటి రెండవ ముద్రణమున, ఈ కథకు ఆధారమని చెప్పబడిన ఎఱ్ఱపుస్తకము ఎన్ని ప్రతులై, ఎవరిచేత వ్రాయబడి, ఎచ్చట భద్రమైనదో వివరించు ప్రతిచరిత్రను గూడ చేర్చెను.

గ్రంథమంతయు అనువాదమనుట మఱియొక కల్పన. హాబిట్లు పలుకు భాష ఆంగ్లము కాదు; పాఠకుని కొఱకు ఆంగ్లముగా మార్పబడినది. రోహాన్ అశ్వికుల భాష దానికి జ్ఞాతియు, ప్రాచీనతరమును గావున ప్రాచీనాంగ్లముగా మార్పబడినది. వారి రాజు పేరగు 'థియోడెన్' ప్రాచీనాంగ్లమున ప్రభువను అర్థము గల పదమే. మరుగుజ్జుల పేర్లు ప్రాచీన ఐస్లాండు కావ్యమగు 'వోలుస్పా'లోని పట్టికనుండి గ్రహింపబడినవి. గాండాల్ఫ్ అను పేరును అందలిదే. డచ్చి, స్వీడిషు అనువాదములు వెలువడిన పిమ్మట ఏ పేర్లు మార్పవలెనో, ఏవి మార్పరాదో తెలుపుచు అనువాదకుల కొఱకు ఆయన ఒక సూచిక సిద్ధపఱచెను. అది 1975లో అచ్చయినది.

దీనిని తెనుగు చేయబూనువాడు మూడంతస్తులను నిలుపవలెను. హాబిట్ల మాటకు నేటి వాడుక తెనుగు. అశ్వికుల పేర్లకు రేనాటి చోళుల శాసనములందలి తెనుగుపోలిక. ఎల్ఫ్‌భాషలకు మాత్రము ఏ మార్పును లేదు. క్వెన్యా స్థానమున సంస్కృతము నిలుపవచ్చునని తోచును. రెండును శాస్త్రోత్సవముల భాషలగుట నిజమే. కాని సంస్కృతనామము వినబడగనే మన పురాణములు మనస్సున మేల్కొనును. ఆ పరలోకపు అపరిచితత్వము నశించును. కావున మేము దానిని సమ్మతింపము.

ఉపసృష్టి సిద్ధాంతము

1939లో స్కాట్లండులోని సెంట్ ఆండ్రూస్‌లో అద్భుతకథలపై చేసిన ప్రసంగమున ఆయన తన సిద్ధాంతమును చెప్పెను. కథకుడు ఒక ఉపసృష్టి చేయును. అందు ప్రవేశించిన పాఠకుడు అవిశ్వాసమును బలవంతముగా అణచుకొనడు. ఆ లోకనియమములను బట్టి నిజముగా విశ్వసించును. ఆ విశ్వాసము చెడినచో కళ చెడినదన్నమాట. కవిని ప్రజాపతిగా భావించిన ఆనందవర్ధనుని పరంపర యెఱిగిన మనకు ఈ మాట క్రొత్త కాదు. క్రొత్తది, సృష్టికర్త యైనవాడు తన సృష్టిలోని నియమములకు తానే లోబడవలెనను పట్టుదల. అద్భుతకథ చివర, ఆశ పూర్తిగా అడుగంటినచోట, అనుకోని మలుపుచే కలుగు ఆనందమునకు 'యూకెటాస్ట్రఫీ' అను గ్రీకు సమాసమును ఆయన కూర్చెను. నిర్వహణసంధియందు అద్భుతరసము నెలకొల్పవలెనన్న నాట్యశాస్త్రవిధిని దీనితో పోల్చి చూచిన విద్యార్థికి మంచి పరిశోధనాంశము దొరకును.

గుణదోషములు

1956లో ఎడ్మండ్ విల్సన్ అను అమెరికా విమర్శకుడు 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్'ను బాలసాహిత్యముగా పరిహసించెను. ఒకనాడు టోల్కీన్ ఉపన్యాసములు విన్న కవి డబ్ల్యు. హెచ్. ఆడెన్ దానిని మెచ్చుకొనెను. దోషములు లేకపోలేదు. స్త్రీపాత్రలు కొలది, శత్రుపక్షపు మనుష్యులు తఱచుగా తూర్పు దక్షిణ దిక్కులవారగుట నేటి పాఠకుని నొప్పించును, యుద్ధఘట్టములలో శైలి కొన్నిచోట్ల కృత్రిమమగును. కాని బలవంతుని ఆయుధమును వాడి అతనిని గెలువరాదనియు, దానిని నశింపజేయవలెననియు చెప్పు మూలభావము, విజయము పిమ్మట గూడ మానని ఫ్రోడో గాయము, ఇవి బాలుర కథలోనివి కావు. సోమ్ కందకములనుండి వచ్చినవాడు వ్రాసిన మాటలవి.

ఇంకొక ఆక్షేపణ మన విషయమునకు దగ్గఱిది. కథలలో మునిగి ఆయన శాస్త్రగ్రంథములను ఉపేక్షించెనని తోడి పండితులలో కొందఱనిరి. ఆయన 'బేవుల్ఫ్' వచనానువాదము 2014లో గాని వెలుగు చూడలేదు. 'సిల్మరిలియన్' సైతము అసంపూర్ణముగా మిగిలి, కుమారుడు క్రిస్టఫర్ పరిష్కరణచే 1977లో వెలువడినది. ఆ కుమారుడే తండ్రి చిత్తుప్రతులను పౌర్వాపర్యక్రమమున పరిష్కరించి 1983 మొదలు 1996 వఱకు పండ్రెండు సంపుటములుగా ప్రకటించెను. తండ్రి ప్రాచీనకృతులకు చేసిన సేవను కుమారుడు తండ్రి కృతులకు చేసెను. ఆక్షేపణలో సత్యమున్నను, శాస్త్రమునకు నష్టము కలిగినదని మాత్రము మేమొప్పుకొనము. ప్రాచీనాంగ్లము నేడు చదువవచ్చువారిలో ఎందఱినో ఆ కథలే ఆ దారికి తెచ్చినవి.

మొదట చెప్పిన తగవునకు వత్తము. ఆక్స్‌ఫర్డ్‌లో భాషాపక్షమును సాహిత్యపక్షమును సమన్వయపఱచు పాఠ్యసంస్కరణకై ఆయన పాటుపడెను. 1931లో అది అంగీకృతమైనది. 1959లో పదవీవిరమణ ప్రసంగమున గూడ ఈ రెండింటిని ఎదురెదురుగా నిలుపుటను ఆక్షేపించెను. ఆయన ఆచార్యుడుగా నున్న కాలముననే అదే విశ్వవిద్యాలయమున థామస్ బరో సంస్కృతపీఠము నలంకరించియుండెను; ఎమెనోతో కలిసి ఆయన కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు 1961లో అచ్చటినుండియే ప్రకటితమైనది. ఆ నిఘంటువు మన గ్రంథాలయములందున్నది. మన విద్యార్థులు దానిని పరీక్ష కొఱకు తెఱచి, పరీక్ష కాగానే మూయుచున్నారు. అందలి ప్రతి ఆరోపమును ఒకనాడు ఒక మనుష్యుడు పలికిన మాటగా వారికి వినిపింపగలిగిననాడు, భాషాపత్రమును సాహిత్యపత్రమును వేర్వేరుగా ముద్రించినను, వానిని చదువు మనస్సు ఒక్కటిగా నుండును.